నలభై ఎనిమిది దగ్గర ఆగిన పాదం

ఎడమ పాదాన్ని ఎంత పైకెత్తినా కంప్యూటరు తెరమీది అంకె నలభై ఎనిమిది దగ్గరే ఆగిపోతున్నది.

"మల్ల తొక్కు," అన్నాడు రజాక్, తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి. "ఆఁ, నూట ఇరవై ఏడు. గట్టిగ మూసుకున్నది. ఇప్పుడు ఇడువు. పూరా ఇడువన్నా."

"ఇడిసిన గదనే."

"ఏడ ఇడిసినవ్? సున్నాకు రావాలె. సగంల ఆగి నన్ను జూసి నవ్వుతాంది."

ఏసోబు మడమను పెడల్ పలకమీద ఆనించి, ముందుపాదాన్ని మరొకసారి లేపాడు. లేపుతున్నానని అతనికి స్పష్టంగా తెలుస్తున్నది. పిక్క బిగుసుకున్నది, తొడ బిగుసుకున్నది, మెడనరం కూడా బిగుసుకున్నది. అంకె మాత్రం కదలలేదు.

1997 ఆగస్టు, సోమవారం, పగలు పదకొండు గంటలు. మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ వెనుక సందులో, పెళ్లిపత్రికలు అచ్చువేసే ప్రెస్సు మీది గది అది. గోడలనిండా కోడిగుడ్ల అట్టలు అతికించి దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాడు రజాక్. పదిహేనేళ్లు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసి, ముప్పై ఐదో ఏట కంప్యూటరు మీద సంగీతం కూర్చడం నేర్చిన మనిషి. ఏసోబు అతనికంటే రెండేళ్లు పెద్ద. నారాయణపేట నుంచి ఆలంపూర్ దాకా పెళ్లి ఆర్కెస్ట్రాలలో పన్నెండేళ్లుగా డ్రమ్ములు వాయిస్తున్నాడు.

వాళ్ల ముందున్న పని దసరాకు వెలువడవలసిన జానపద గీతాల క్యాసెట్టు. నిజమైన డ్రమ్ములను రికార్డు చేయడానికి ఆ గది చాలదు. అందుకని రజాక్ హైదరాబాదు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. ఎవరో ఎక్కడో వాయించిన దెబ్బలు ఒక్కొక్కటిగా అందులో నిలువచేసి ఉంటాయి. ఏ దెబ్బ ఎప్పుడు పడాలో, ఎంత గట్టిగా పడాలో మౌసుతో గీతలమీద పెడితే యంత్రం వాయిస్తుంది. పెద్ద డ్రమ్మునూ స్నేర్ అనే చిన్న డ్రమ్మునూ అలా పెట్టి జనాన్ని నమ్మించవచ్చు. నమ్మించలేనిది హైహ్యాట్ ఒక్కటే.

హైహ్యాట్ అంటే కడ్డీమీద ఎదురెదురుగా బోర్లించిన రెండు ఇత్తడి పళ్లేలు. ఎడమకాలు పెడల్‌ను తొక్కితే అవి కలుస్తాయి, లేస్తే విడిపోతాయి. కలిసి ఉన్నప్పుడు కర్రతో కొడితే పొడిగా ‘టిక్’ అంటాయి. విడిపోయి ఉంటే ‘ఛ్స్స్’ అని సాగుతాయి. ఈ రెంటికీ నడుమ లెక్కలేనన్ని దశలున్నాయి, వాటన్నిటినీ నిర్ణయించేది పాదం. అందుకే రజాక్ ఫిబ్రవరిలో ఒక పాత ఎలక్ట్రానిక్ పెడల్ కొన్నాడు. పాదం ఎంత లేచిందో అది అంకెగా మార్చి కంప్యూటరుకు పంపుతుంది. పూర్తిగా మూస్తే నూట ఇరవై ఏడు, పూర్తిగా తెరిస్తే సున్నా. ఆ ఆరునెలల్లో ఏసోబు వాయించిన ప్రతి పాటలోని ప్రతి అంకెనూ తారీఖు వేసి ఫ్లాపీలలో దాచాడు.

"పెడలే ఖరాబైంది," అన్నాడు ఏసోబు.

"అంతే. పాలమూరుకొచ్చినంక దానిగ్గూడ బొంబయి వలస వోదామనే ఆలోచన పుట్టినట్టుంది. సగం పనే జేస్తాంది."

మరలు విప్పారు. దుమ్ము ఊదారు. రజాక్ తీగ మార్చి కొత్తగా టంకం పెట్టాడు. స్ప్రింగుకు కుట్టుమిషను నూనె వేశాడు. ఒంటిగంట దాటింది. మళ్లీ నలభై ఎనిమిది.

"జరుగన్నా, నేను జూస్త," అని చెప్పు విడిచి రజాక్ స్టూలు మీద కూర్చున్నాడు. ఉత్తకాలు పెడల్‌మీద పెట్టి, మడమ కదలకుండా ముందుపాదం లేపాడు.

అంకె ఒక్క ఊపున సున్నాకు జారింది.

మళ్లీ తొక్కాడు, లేపాడు. సున్నా. ఇంకోసారి. సున్నా.

"అరె!" రజాక్ పకపక నవ్వాడు. "జనమంత నీ కాలుకు దండం పెడతరు, గీ పెడలేమో సోల్డరింగ్ జేసెటోని కాలును మెచ్చుకుంటాంది. ఏం ఇన్సాఫ్ అన్నా ఇది?"

ఏసోబు కూడా నవ్వాడు. నవ్వుతూనే గోడకు చేయి ఆనించుకున్నాడు. మే నెలనుంచి అతని ఎడమకాలి చెప్పు నడుస్తూండగానే ఊడిపోతున్నది. ఒకసారి నారాయణపేట బస్టాండులో చెప్పు పదిగజాల వెనుక ఉండిపోయిన సంగతి, ఎవరో పిలిచి చెప్పేదాకా అతనికి తెలియలేదు. అప్పటినుంచి మడమవెనుక పట్టీ ఉన్న సాండల్సు వేసుకుంటున్నాడు. ఆర్కెస్ట్రావాళ్లు "పెండ్లికొడుకు లెక్క తయారైతున్నవ్" అని ఎగతాళి చేస్తే ఊరుకున్నాడు. మోకాలికి కొంచెం కింద, వెలుపలివైపు, రూపాయిబిళ్లంత పాలిపోయిన మచ్చ ఒకటి ఏడాదిన్నరగా ఉన్నది. దానిమీద నిప్పురవ్వ పడినరోజు బొబ్బ వచ్చింది, నొప్పి మాత్రం రాలేదు.

ఈ మూడు విషయాలను అతను ఇంతవరకు మూడు వేర్వేరు జాగాల్లో పెట్టుకున్నాడు. రజాక్ పాదం కింద ఆ అంకె సున్నాకు జారడంతో అవి ఒకచోటికి వచ్చాయి.

ఆ రోగం పేరు అతనికి తెలుసు. ఊళ్లో దాన్ని పేరు పెట్టి పిలవరు, పెద్దరోగం అంటారు. అతని పెదనాయిన గురవయ్య డప్పు కొట్టేవాడు. వేళ్లు ముడుచుకుపోయాక ఆయనకు వాడకట్టు అవతల, గుట్టవాలులో గుడిసె వేశారు. ఏసోబు తల్లి సత్తుగిన్నెలో అన్నం తీసుకుపోయి ఒక బండమీద పెట్టి, ఇరవై అడుగులు వెనక్కి నడిచి నిలబడేది. ఆమె నిలబడ్డాకే ఆయన బయటికి వచ్చేవాడు. ఎనిమిదేళ్లు అలాగే తిన్నాడు. చనిపోయినప్పుడు గుడిసెను ఆయనతో సహా కాల్చారు.

"రజాకూ," అన్నాడు ఏసోబు, వీలైనంత తేలికగా. "పెడల్ సంగతి ఇడిసిపెట్టు. నేను నోటితోని చెప్త, నువ్వు మౌసు తోని పెట్టు. పని తొందరగైతది."

రజాక్ ఒప్పుకున్నాడు.

నాలుగు రోజులు అలా పనిచేశారు. ఆ నాలుగు రోజులూ ఏసోబు ఎన్నడూ లేనంత శ్రద్ధగా నేర్పాడు. మాట్లాడుతున్నంతసేపూ రజాక్ చూపు తన కాలిమీద పడదన్న ఆశ ఒక్కటే అతన్ని నడిపించింది. పంచెకు బదులు ప్యాంటు వేసుకొస్తున్నాడు. మెట్లు ఎక్కేటప్పుడు ఏ చప్పుడూ రాకుండా మెట్ల కమ్మీ పట్టుకుని ఎడమ మోకాలిని ఎత్తెత్తి వేస్తున్నాడు.

మొదటిపాటలో రజాక్ పెట్టిన వరుస విని అతను తల అడ్డంగా ఊపాడు. "గిది హైహ్యాట్ గాదు తమ్మీ, కుట్టుమిషను. అన్ని దెబ్బలు ఒక్క తీర్గ పడుతున్నయ్. మనిషికి కుడిచెయ్యి ఒక తీరు, ఎడమచెయ్యి ఒక తీరు. ఒకటి గట్టిగ, ఒకటి మెత్తగ పెట్టు. మెత్తయి గూడ అన్నీ ఒకటే మెత్త గావొద్దు."

"గింత లెక్క ఎవడు వింటడన్నా?"

"చెవి వింటది. వాడు వినడు."

రెండో పాటలో స్నేర్, పెద్ద సింబల్ పళ్లెం, హైహ్యాట్ ఒకే క్షణంలో మోగాయి. "నాకు మూడు చేతులున్నయా?"

"సాఫ్ట్‌వేరుకు ఎన్నన్న ఉంటయ్."

"దానికుంటే దాన్నే పెండ్లిల్లకు తోల్కవో. రెండు చేతులు వేరే జాగల ఉన్నప్పుడు హైహ్యాట్ మీది దెబ్బ తీసెయ్యి. ఖాళీ ఉండనీయి, ఏం గాదు."

పల్లవికి కర్రమొనతో పళ్లెం పైభాగాన, చరణం ఊపందుకున్నాక కర్రనడుముతో అంచుమీద కొట్టే తేడా చెప్పాడు. తెరిచిన మోత సాగుతూండగా మూసిన దెబ్బ పడిందంటే పాత మోత అక్కడికక్కడే తెగిపోవాలనీ, తెగకపోతే ఆ తప్పు డ్రమ్ములు తెలిసిన ప్రతివాడికీ పంటికింద రాయిలా తగులుతుందనీ చెప్పాడు. పాడే మనిషి ఊపిరి తీసుకునేచోట చేతులు ఆపి, కాలితో మాత్రమే ‘చిక్’ అనిపించే పద్ధతి చెప్పాడు.

ఆ చివరి మాట దగ్గర రజాక్ మౌసు వదిలాడు. "ఆ చిక్ ఎట్ల రాయాలె? కాలు దిగనీకి ఎంతసేపు, లేవనీకి ఎంతసేపు? ఇది అందాజగ పెట్టేది గాదు. ఆగు, పాత ఫ్లాపీలున్నయ్ గద."

"అక్కర్లేదు. నేను చెప్త."

"నువ్వేం చెప్తవ్, నీ కాలే చెప్పింది." అప్పటికే ఫ్లాపీ లోపలికి పోయింది.

మార్చి నెల పాట మోగింది. పాదం దిగినప్పుడు ‘చిక్’ శుభ్రంగా, సూదిమొనలా వచ్చింది. లేచినచోట సున్నా. రజాక్ జులై నెల పాట పెట్టాడు. తెరిచిన మోత సన్నబడింది. ఆగస్టు పాటలో మోత గొంతు నొక్కినట్టు ఉన్నది. పాదం దిగేచోట ‘చిక్’ పోయి ఒక మొద్దుచప్పుడు మిగిలింది. కాలు పెట్టినట్టు లేదు, జారి పడినట్టున్నది. ఏసోబు తన కాలి చప్పుడును అంత విడిగా ఎన్నడూ వినలేదు. వేదికమీద పాటలో అది కలిసిపోయేది.

రజాక్ మూడు పాటలనూ మళ్లీ పెట్టాడు. ఈసారి నవ్వలేదు. "స్ప్రింగు లూజయితే నాకు గూడ నలబై ఎనిమిదే రావాలె. నాకు సున్నా వచ్చింది. అన్నా, పెడల్ కాదు. నీ కాలు."

ఏసోబుకు భయం కోపంగా మారి బయటికి వచ్చింది.

"గిందుకా కూసబెట్టి నేర్సుకున్నవ్? చెయ్యి నేర్సుకున్నది నీ మిషను, కాలు నేర్సుకున్నది. ఇగ ఏసోబు అక్కర్లేదని సక్కగ జెప్పు. కాలుకు వంక వెట్టుడెందుకు?"

"నేను గట్లన్ననా? ఏం మాట్లాడుతున్నవే?"

"నా కడుపు కొట్టకు రజాకూ."

మెట్లు దిగుతూంటే ఎడమపాదం రెండుసార్లు చెక్కకు తగిలింది. వెనుకనుంచి రజాక్ పిలుస్తున్నాడు. ఏసోబు తిరిగి చూడలేదు. తిరిగితే తన నడకను రజాక్ ఇంకొంచెంసేపు చూస్తాడని భయపడ్డాడు.

ఇంట్లో ఎవరూ లేరు. భార్య జానమ్మ అంగన్‌వాడీలో ఆయా, ఇద్దరు బిడ్డలనూ తీసుకుని పోయింది. ఏసోబు తలుపు గొళ్లెం పెట్టి, ప్యాంటు పైకి మడిచి, పెరట్లో ఏరుకొచ్చిన కోడిఈకతో కుడిపిక్కమీద రాశాడు. చక్కిలిగింత పుట్టింది. ఎడమవైపు మచ్చమీద రాశాడు. మచ్చ దాటి కిందికి, పాదం పైభాగం దాకా రాశాడు. తన కాలిని తాను కిటికీలోంచి చూస్తున్నట్టున్నది. తరువాత లేచి మడమలమీద నడిచి చూశాడు. కుడికాలి వేళ్లు ఆకాశంకేసి లేచాయి. ఎడమకాలి వేళ్లు నేలను వదలలేదు.

గొళ్లెం సరిగా పడలేదు. తలుపు తోసుకుని జానమ్మ వచ్చింది.

"పిల్లల నాయినా, గదేం నడక? కొంగ లెక్క!"

"కొత్త స్టెప్పు. ఆర్కెస్ట్రాల జేయాలంటున్నరు."

"డ్రమ్ము గొట్టెటోనికి స్టెప్పులేంది? నీకు వయసైతాందా, తగ్గుతాందా?" అని ఆమె నవ్వుతూ పొయ్యి దగ్గరికి పోయింది. చిన్నబిడ్డ పరుగున వచ్చి అతని ఒడిలో తల పెట్టబోయింది. ఏసోబు కాళ్లు ముడుచుకుని, గోడవైపు జరిగాడు. బిడ్డ బిత్తరపోయి తల్లిని చూసింది.

మూడు రోజులు ఆలోచించాడు. పోతే పేరు రాసుకుంటారు. పేరు రాస్తే ఎవరో చదువుతారు. ఆదివారం చర్చిలో అతని పక్కన ఎవరూ కూర్చోరు, ఆర్కెస్ట్రాలో కర్రలు ఎవరూ అందుకోరు, అంగన్‌వాడీలో జానమ్మ వండిన అన్నం ఏ పిల్లా తినదు. పోకపోతే ఎవరికీ తెలియదు, కొంతకాలం. పెదనాయిన కూడా కొంతకాలం ఎవరికీ తెలియనివ్వలేదు, వేళ్లు ముడుచుకునే దాకా.

మంగళవారం ఉదయం దవాఖానకు వెనుకగేటునుంచి పోయాడు. తువ్వాలు ముఖానికి చుట్టుకుని, పేరు అడిగితే తండ్రిపేరు చెప్పాడు. లోపల డాక్టరమ్మ యాభై ఏళ్ల మనిషి, కళ్లద్దాలు ముక్కుచివరికి జారి ఉన్నాయి. మోకాలిపక్కన ఎముక వెనుక ఒకచోట వేలితో నొక్కింది. ఏసోబు కెవ్వుమన్నాడు. కరెంటు తీగ ముట్టినట్టయింది.

"కండ్లు మూసుకో. దూది తగిలినప్పుడల్లా తగిలినచోట వేలు పెట్టు."

కళ్లు మూసుకుని వేలు సిద్ధంగా పట్టుకున్నాడు. రెండుసార్లు తొడమీద తగిలింది, వేలు పెట్టాడు. తరువాత ఏమీ లేదు. డాక్టరమ్మ ఎవరితోనో మాట్లాడటానికి పోయిందనుకున్నాడు. ఎంతకూ తగలకపోతే కళ్లు తెరిచాడు. ఆమె అక్కడే ఉన్నది, దూది అతని పాదంమీదే ఉన్నది.

"తొమ్మిదిసార్లు ముట్టించిన," అన్నది.

ఏసోబు ఏడవలేదు. ఏడుపు రావలసినచోట కూడా స్పర్శ పోయినట్టున్నది.

ఆమె నెమ్మదిగా చెప్పింది. రోగానికి మందు ఉన్నది, ఈ అట్టలోని మాత్రలు ఏడాది తప్పకుండా మింగితే పోతుంది, వేసుకోవడం మొదలుపెట్టిన కొన్నాళ్లకే ఒకరినుంచి ఒకరికి అంటుకునే సంగతే ఉండదు. కాలి సంగతి వేరు. నరం వాచి నొక్కుకుపోయింది. పాదం లేవడం మానేసి ఆరునెలలు దాటకపోతే, వాపు తగ్గించే మాత్రలు నెలలతరబడి ఇస్తే నరం తేరుకోవచ్చు. దాటితే ఆ మాత్రలవల్ల కీడే గాని మేలు లేదు, కడుపులో పుండ్లు, ఒంట్లో చక్కెర.

"మచ్చ సంగతి కాదు నేనడిగేది. పాదం ఎప్పటినుంచి లేస్తలేదు?"

"తెల్వదమ్మా."

"చెప్పు ఎప్పుడూడింది?"

"మే నెలలనా... అంతకుముందు గూడ... ఏమో. యాదికి లేదు."

"యాదికి తెచ్చుకో. ఊహించి చెప్పకు. నువ్వు చెప్పే నెలనుబట్టే నేను మందు రాయాలె. రేపు రా."

బయటికి వచ్చి దవాఖాన గోడనీడలో అతను చాలాసేపు నిలబడ్డాడు. ఏ నెలలో తన పాదం తనది కాకుండా పోయిందో ఈ ఊళ్లో ఒక్క మనిషి దగ్గర రాసి ఉన్నది. ఆ మనిషికి ఆ రోగం పేరు చెప్పాలి.

రజాక్ అతన్ని చూడగానే లేచాడు. "అన్నా, కోపం వోయిందా? కసమ్ తోని చెప్తున్న, నిన్ను తీసేద్దామని..."

"కూసో. నేను చెప్పేది విను. విన్నంక నువ్వేమన్నా నాకు కోపం లేదు."

చెప్పాడు. కుష్ఠు అని పేరు పెట్టే చెప్పాడు. రజాక్ కళ్లు మొదట స్టూలుమీదికి, అక్కడినుంచి కిందనున్న పెడల్‌మీదికి పోయాయి. అక్కడే ఆగిపోయాయి. వారంకిందట ఆ పలకమీద, ఏసోబు పాదం తీసిన మరుక్షణమే, అతను తన ఉత్తకాలు పెట్టాడు.

"ఒక్క నిమిషం," అని రజాక్ బయటికి పోయాడు. మెట్లకింద నల్లా విప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపు నీళ్లు పడ్డాయి. ఆగి, మళ్లీ పడ్డాయి. గదిలో ఏసోబు ఆ నీళ్ల చప్పుడు వింటూ కూర్చున్నాడు. ఇరవై అడుగులు వెనక్కి నడిచిన తన తల్లి కళ్లముందు మెదిలింది.

రజాక్ తడి కాలితో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కళ్లు పైకెత్తలేదు. "నాకు భయమైతాందన్నా," అన్నాడు. "అబద్ధమెందుకు చెప్పాలె."

"నాకు గూడ."

"ఏం గావాలె నీకు?"

"తారీఖులు. నా కాలు ఎప్పుడు ఆగిందో తారీఖులు గావాలె. డాక్టరమ్మ అడుగుతాంది."

రజాక్ కుర్చీని గోడవైపు ఒక జానెడు జరుపుకుని కూర్చున్నాడు. ఆ జానెడు ఏసోబు చూశాడు. ఫ్లాపీల డబ్బా దించి ఒక్కొక్కటి పెట్టి, పాటలో పాదం లేచిన ప్రతిచోటునూ లెక్కగట్టి, అన్నిటికంటే తక్కువగా ఏ అంకెదాకా వచ్చిందో చూసి, ప్రెస్సులో పాడైపోయిన ఒక పెళ్లిపత్రిక వెనుకవైపున రాశాడు. మార్చి పన్నెండు, సున్నా. ఏప్రిల్ తొమ్మిది, సున్నా. ఏప్రిల్ ముప్పై, తొమ్మిది. మే ఇరవై ఎనిమిది, పదిహేడు. జులై రెండు, ముప్పై ఒకటి. ఆగస్టు పదకొండు, నలభై ఎనిమిది. అనుమానం వచ్చినచోట రెండోసారి చూశాడు. రెండు గంటలు పట్టింది.

మరునాడు దవాఖానదాకా కూడా వచ్చాడు, లోపలికి మాత్రం రాలేదు. "నేను గీడనే ఉంట. లోపటికి రాలేనన్నా, ఏమనుకోకు," అన్నాడు గేటు స్తంభం పట్టుకుని.

డాక్టరమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇదేం లెక్క?"

ఏసోబు వివరించాడు. పెడల్, పాదం, సున్నా అంటే పూర్తిగా లేవడం. ఆమె కళ్లద్దాలు పైకి తోసుకుని, అంకెలమీద పెన్నుపెట్టి కిందికి దించింది. ఏప్రిల్ తొమ్మిదికీ ముప్పైకీ నడుమ ఆపింది. వేళ్లమీద లెక్కపెట్టింది. నాలుగు వేళ్లు ముడిచింది.

"నాలుగు నెలలు," అన్నది. "పైన కొద్ది రోజులు. ఇయ్యాల్నే మొదలుపెడుదాం. మాటిస్తలేను, విన్నవా? సగంమందికి వస్తది, సగంమందికి రాదు. నీ భార్యనూ పిల్లలనూ తీసుకరా, చూడాలె."

ఆ రోజు ఇంటికిపోయి జానమ్మకు చెప్పడం దవాఖానకు రావడంకంటే కష్టమైంది. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. "పిల్లలకా?" అని ఒక్కమాట అడిగింది. గురువారం పిల్లలిద్దరినీ కళ్లు మూయించి దూది ముట్టించారు. తగిలిన ప్రతిచోటా చిన్నవేళ్లు టక్కున పడ్డాయి. జానమ్మను చూశారు, మచ్చ లేదు. అయినా వారంపాటు ఆమె పిల్లల చాపను అవతలిగదిలో వేసింది. ఏసోబు ఎందుకని అడగలేదు. ఎనిమిదోరోజున చాప దానంతటదే ఈ గదిలోకి వచ్చింది. అప్పుడూ అడగలేదు.

క్యాసెట్టు దసరాకు వారంముందు వెలువడింది. హైహ్యాట్ అంతా రజాక్ మౌసుతో రాసినదే. పాదం దిగి లేచే కాలం మాత్రం మార్చినెల ఫ్లాపీలోనిది. ఆర్కెస్ట్రావాళ్లు విని, "గీ కాలు ఏసోబుదే, ఇంకెవనిది?" అన్నారట. ఆ మాట రజాక్ మోసుకొస్తే ఏసోబుకు సంతోషం కలగలేదు. చనిపోయిన మనిషి ఫొటో చూపి పోలిక బాగున్నదన్నట్టు వినిపించింది.

మాత్రలతో ముఖం ఉబ్బింది. ఆకలి పెరిగింది, నిద్ర తగ్గింది. మొదటి వారం పెడల్ చూపిన అంకె నలభై ఎనిమిది. మూడోవారం యాభై ఒకటి. తగ్గవలసిన అంకె పెరిగింది. డాక్టరమ్మ "మందు పనిచేయడం మొదలుపెట్టకముందు గిట్ల అయితది, కానీయి" అన్నది గాని ఆమె కూడా అతని కళ్లలోకి చూడలేదు. ఆరోవారం మళ్లీ నలభై ఎనిమిది. ఆ తరువాత రెండువారాలు అతను పెడల్ దగ్గరికే పోలేదు. చూడనంతకాలం అది మెరుగైందని అనుకునే వీలున్నది.

దసరా వెళ్లిన పదోరోజున జానమ్మ అతన్ని స్టూడియోకు తీసుకొచ్చింది. ఆమె ఆ మెట్లు ఎక్కడం అదే మొదలు. కోడిగుడ్ల అట్టలను చూసి, "ఇన్ని గుడ్లు ఎవరు తిన్నరు?" అని రజాక్‌ను అడిగింది.

"నేనే అక్కా. అందుకే గింత దొడ్డుగైన," అన్నాడు రజాక్. అతని కుర్చీ ఇప్పటికీ గోడవైపే ఉన్నది. పెడల్ తీగ మాత్రం తనే వంగి, చేత్తో కలిపాడు.

ఏసోబు మడమ ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. పిక్క బిగించి ముందుపాదం లేపాడు.

"ఎంత?"

"నలబై ఆరు."

"రెండంకెలే తగ్గింది. వణికినా వస్తయ్ గా రెండు."

"వస్తయ్," అని రజాక్ ఒప్పుకున్నాడు. "పదిసార్లు లేపు. రాస్త."

లేపాడు. నలభై ఏడు. నలభై ఆరు. నలభై ఎనిమిది. నలభై ఐదు. నలభై ఆరు. పాదం అలిసిపోయి వేడెక్కింది. వేడెక్కినట్టు తనకు తెలుస్తున్నదా, లేక తెలియాలని తాను అనుకుంటున్నాడా, ఏసోబు తేల్చుకోలేకపోయాడు. నలభై నాలుగు.

జానమ్మకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. తెరకు దగ్గరగా నిలబడి చూస్తున్నది.

"పెరిగితే మంచిదా, తగ్గితే మంచిదా?" అని అడిగింది.

"తగ్గితే."

"సున్నాకు రావాలెనా?"

"రావాలె. వస్తదో రాదో."

ఆమె కింద కూర్చుని, చీరకుచ్చిళ్లు సర్దుకుని, అతని ఎడమ మడమను పెడల్‌కు అదిమిపట్టింది. ఆమె చేతి బరువు అతనికి తెలిసింది, చేతివేడి తెలియలేదు.

"అయితే మల్ల లేపు," అన్నది.